మోటారు కొత్తది, పలక పాతది

శుక్రవారం పొద్దున్నే అల్ ఖోర్ రేవుకి వెళ్లి చేపలు కొనడం మా ఇంట్లో ఆనవాయితీ. దోహా నుంచి ఉత్తరంగా ఓ యాభై కిలోమీటర్లు. 2022 ప్రపంచకప్ మొదటి మ్యాచ్ జరిగిన, గుడారంలా ఉండే అల్ బైత్ స్టేడియం ఈ ఊరిదే. స్టేడియం చూడ్డానికి వచ్చేవాళ్లలో రేవు దాకా వెళ్లేవాళ్లు తక్కువ.

రెండేళ్ల కిందట ఆ రేవులో బేరమాడుతుంటే వెనక నుంచి ఒక కేక వినిపించింది: "తాడు ఒగ్గీరా!" అచ్చమైన సిక్కోలు తెలుగు. తిరిగి చూస్తే యాభై దాటిన మనిషి, తలకి తువ్వాలు. ఆ రోజు నుంచి నాకాయన బాబాయ్. ఆయనకి నేను "కంప్యూటర్ బాబు"ని.

బాబాయ్ కుర్రతనంలో గుజరాత్‌లోని వెరావల్‌లో కలాసీగా చేశాడు. మన ఉత్తరాంధ్ర తీరం నుంచి చాలామంది వెళ్లే చోటే అది. 2018లో అక్కణ్ణుంచి వేటకెళ్లి పాకిస్తాన్ వాళ్లకి చిక్కిన మనవాళ్లు 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. 'తండేల్' సినిమా ఆ కథ మీదే తీశారు. "వెరావల్‌లో తండేలంటారు, విశాపట్నంలో సరంగంటారు, ఇక్కడ నొఖద అంటారు. పేరేదైతేనేటి బాబూ, మునిగితే ముందు నీల్లు తాగీది ఆడే" అంటాడు.

ఆయన నడిపేది పెద్ద చెక్క ధో కాదు. ఇరవై అడుగుల పైచిలుకు ఫైబర్ పడవ, వయసు పదిహేనేళ్లకి పైనే. వెనక 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు. పడవ కఫీల్‌ది, వేట నలుగురిది. వీళ్లకి నెల జీతం లేదు, పట్టిన దాంట్లో వాటా. గర్గూర్ అని, బోర్లించిన బుట్టలాంటి ఇనప తీగల బోను ఉంటుంది. దాన్ని సముద్రం అడుగున దించి హమూర్ పడతారు. వంజరానికి మాత్రం వల వేస్తారు. కతార్‌లో ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 దాకా వంజరం మీద వల వెయ్యకూడదు. ఆ గడువు అయిపోయిన మర్నాటి కోసం రేవంతా ఎదురు చూస్తుంది.

పోయిన సెప్టెంబరులో పాత మోటారు మొరాయించింది. మెకానిక్ వచ్చి కొలిస్తే ఒక సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోయింది. ఇక్కడి నీళ్లు మోటార్లకి పగవాళ్లు. మామూలు సముద్రంలో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటే, ఈ గల్ఫ్‌లో 40 దాటుతుంది. మోటారుని చల్లబరిచేది ఆ నీళ్లే. ఎండాకాలం అవీ వేడిగానే ఉంటాయి. వేటనుంచి రాగానే మంచినీళ్లతో లోపల కడక్కపోతే దారులన్నీ ఉప్పు గట్టిపోతాయి.

కఫీల్ పెద్దమనసుతో కొత్తది, ఫోర్ స్ట్రోక్, కొనేశాడు. పెట్రోల్‌లో ఆయిల్ కలిపే పని లేదు, పొగ తక్కువ, ఖర్చు తక్కువ. కుర్రాళ్లు సంబరపడిపోయారు. మాన్యువల్ చదివి చెప్పమని బాబాయ్ నన్ను పిలిచాడు.

నేను చదివాను. షాఫ్ట్ ఇరవై అంగుళాలు, సరిపోయింది. ప్రొపెల్లర్ మీదుండే అడ్డరేకు పడవ అడుగుతో ఇంచుమించు ఒకే మట్టంలో ఉండాలి, అదీ కుదిరింది. బరువు దగ్గర ఆగాను. పాతది 75 కిలోలు, కొత్తది 100.

"పాతిక కిలోలు ఎక్కువ, బాబాయ్."

ఆయనేం మాట్లాడలేదు. పాత మోటారు ఇంకా దింపలేదు. పాతిక లీటర్ల క్యాను నిండా నీళ్లు పట్టించి దాని పక్కనే పెట్టించాడు. నీళ్లు లీటరుకో కిలో కదా, లెక్క సరిపోయింది. పడవ వెనక భాగం కుంగింది. డెక్ మీద పడ్డ నీళ్లు బయటికి పోవడానికి వెనక ఉండే రంధ్రాలు సముద్రాన్ని తాకాయి. ఇంకాస్త కుంగితే బయటికి పోవాల్సిన దారిలోంచే నీళ్లు లోపలికొస్తాయి.

"బేటరీ, పెట్రోల్ టేంకీ ముందుకి జరుపుదుం. దానికి మందుంది" అన్నాడు. తర్వాత చిన్న సుత్తి తీసుకుని మోటారు తగిలించే వెనక నిలువు పలక మీద కొట్టడం మొదలెట్టాడు. ఇంగ్లీషులో దాన్ని ట్రాన్సమ్ అంటారు. పైన ఠంగుమంది. కిందకొచ్చేసరికి, బోల్టుల దగ్గర, దబ్బుమంది.

ఆ పలక సంగతి చెప్పాలి. బయటికి ఫైబరే కనిపిస్తుంది గానీ, ఇలాంటి పాత పడవల్లో చాలావాటికి లోపల ప్లైవుడ్ ఉంటుంది. మోటారు బిగించేది దానికే. నీళ్లలో ప్రొపెల్లర్ పడవని ముందుకి తోస్తుంటే, మోటారు కింది భాగం పలకని లోపలికి నొక్కుతుంది, పైభాగం వెనక్కి లాగుతుంది. వెనక్కి నడిపితే తిరగేసి. అల మీంచి పడ్డ ప్రతిసారీ ఆ బరువంతా ఒక్క కుదుపు కుదుపుతుంది. బోల్టు చుట్టూ వేసిన సీలెంట్ ఏళ్ల తరబడి ఎండకి పగిలి, ఆ సందులోంచి బొట్టు బొట్టుగా నీరు దిగుతుంది. ప్లైవుడ్ లోలోపలే కుళ్లుతుంది. పైకి తెల్లగా, నున్నగా, నిగనిగలాడుతూనే ఉంటుంది.

మా ఆఫీసులోనూ ఇంతే. కొత్త సర్వర్ కొంటారు, కింద ఉన్న ఇరవై ఏళ్ల కోడ్ జోలికి ఎవరూ పోరు. కాకపోతే మాది కూలితే ఈమెయిళ్లు వస్తాయి. ఇక్కడ మనుషులు మునుగుతారు.

బాబాయ్ డ్రిల్లు అడిగాడు. అక్కడే గొడవ మొదలైంది. పడవలో రామనాథపురం కుర్రాడొకడున్నాడు, ఊళ్లో అప్పు వాయిదా తరుముతోంది. "అన్నా, తట్టకు. పదేళ్లుగా నిలబడింది, ఈ సీజను నిలబడదా?" అని వచ్చీరాని తెలుగులో బతిమాలాడు. పలక మార్చడమంటే మూడు వారాలు పడవ ఒడ్డున ఉండాలి. మంచి వేట రోజుల్లో మూడు వారాలు, నలుగురి వాటా. వాడు అడిగిందాంట్లో అన్యాయమేం లేదు. బాబాయ్ కూతురి కాలేజీ ఫీజు కూడా ఆ వాటాలోంచే వెళ్లాలి.

"సూడు బాబూ," అన్నాడు నాతో, వాడికీ వినపడేలా, "మోటారు కొత్తదే. దాన్ని మోసీ పలక పాతది. తెలీకపోతే దేముడి మీదెయ్యొచ్చు. తెలిసినాక నా మీదే."

కింద ఒక సన్నటి రంధ్రం వేశాడు. మొదట తెల్లటి ఫైబర్ పొడి. తర్వాత పొడి చెక్క రజను రావాలి. వచ్చింది నల్లటి తడి ముద్ద, వడగట్టిన కాఫీ పొడిలా. దాన్ని అరచేతిలో పట్టుకుని రామనాథపురం కుర్రాడికి చూపించాడు. వాడు వాసన చూసి, ఏమీ అనకుండా వెళ్లి ఒడ్డు మీద కూర్చున్నాడు.

సాయంత్రం కఫీల్ వచ్చాడు. ముసలాయన, హిందీ బాగానే వచ్చు. నేను కాయితం మీద పలక గీసి, పైన ఒక బాణం, కింద ఒక బాణం వేసి వివరించబోయాను. ఆయన కాయితం చూడలేదు. బాబాయ్ చేతిలోని ముద్దని వేలితో నలిపి చూశాడు. "ఎన్ని రోజులు?" అన్నాడు. "ఇరవై" అన్నాడు బాబాయ్. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, "చెయ్యండి. మీ తిండి ఖర్చు నాది" అన్నాడు. వాటా గురించి ఎవరూ ఎత్తలేదు.

బంగ్లాదేశ్ మిస్త్రీ పని మొదలెట్టడానికే వారం పట్టింది. లోపలి ఫైబర్ పొర కోసి, కుళ్లిన చెక్కంతా గీకి తీశాడు. బకెట్లు నిండాయి. మెరైన్ ప్లైవుడ్ రెండు పలకలు అతికించి, రెజిన్ పూసి, మళ్లీ ఫైబర్ పొరలు వేశాడు. పాత బోల్టు రంధ్రాల్లో ఒక్కటీ వాడలేదు. కొత్తగా నాలుగు వేసి, లోపలి వైపు వెడల్పాటి స్టీలు పట్టీ పెట్టి, సీలెంట్ నిండా పట్టించి బిగించారు. గొలుసు కప్పీతో మోటారుని పైకెత్తి దించుతుంటే నలుగురూ ఊపిరి బిగబట్టారు.

అక్టోబరు 16న పక్క పడవలు వంజరంతో తిరిగొచ్చాయి. వీళ్లు ఒడ్డున కూర్చుని చూశారు. మరో పది రోజులకి గానీ వీళ్ల పడవ నీళ్లలోకి దిగలేదు. ఆ నెల బాబాయ్ ఇంటికి పంపింది సగమే. ఫీజుకి నేనిస్తానంటే వద్దన్నాడు. కఫీల్ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు.

మొదటి పది గంటలు మోటారుని ఒత్తిడి పెట్టకుండా నడపాలని మాన్యువల్లో ఉంది. ఓ శుక్రవారం ఆ నెమ్మది ప్రయాణంలో నేనూ ఎక్కాను. మోటారు పక్కనుంచి సన్నటి నీటిధార చిమ్ముతోంది. లోపల నీళ్లు సరిగా తిరుగుతున్నాయని గుర్తు అది. దాన్ని మనవాళ్లు ఏమంటారని అడిగాను.

"ఉచ్చ" అన్నాడు బాబాయ్. "మోటారు ఉచ్చ పోస్తందా నేదా అని సూసుకుంటా ఉండాల. ఆగిందంటే ఇంజిన్ కట్టీయాల."

రామనాథపురం కుర్రాడు పడీ పడీ నవ్వాడు. తిరిగొచ్చాక గొట్టం పట్టుకుని మంచినీళ్లతో మోటారు కడిగింది వాడే. అంతా అయ్యాక, ఎవరూ చూడ్డం లేదనుకుని, వేలి కణుపుతో పలక కింది భాగం మీద రెండుసార్లు కొట్టి విన్నాడు.

ఠంగుమంది.