కంటి ఆపరేషన్‌కు రోబో కావాలా?

ఇంట్లో పెద్దవాళ్లకు శుక్లం వచ్చిందనగానే ఈమధ్య వినబడుతున్న మాట "రోబోటిక్ ఆపరేషన్". శ్రీనగర్ కాలనీ చుట్టుపక్కల కళ్ల ఆసుపత్రులకు కొదవ లేదు. ఒకచోట మామూలు ఆపరేషన్ చాలంటారు, ఇంకోచోట "బ్లేడు లేకుండా, రోబోతో" అంటూ వేలకు వేలు ఎక్కువ చెబుతారు. మా అత్తయ్యగారికీ అలాగే చెప్పారు. డబ్బు కట్టేముందు ఆ రోబో సంగతేమిటో తెలుసుకోవద్దూ!

కంటి లోపల నిజంగా రోబో సాయంతో మొదటిసారి ఆపరేషన్ జరిగింది 2016లో, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో. చేసింది ప్రొఫెసర్ రాబర్ట్ మెక్‌లారెన్. రెటీనా మీద పెరిగిన పొరను ఒలవాలి. దాని మందం మిల్లీమీటరులో నూరో వంతు! ఎంత చెయ్యి తిరిగిన డాక్టరుకైనా వేళ్లలో సన్నని వణుకు ఉంటుందిట. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మనకు తెలుస్తుందే, అదన్నమాట. హాలండ్‌లో తయారైన ఆ యంత్రం వణుకును లోపలికి పోనివ్వదు. డాక్టరు మైక్రోస్కోపులో చూస్తూ మీట కదుపుతారు. చెయ్యి బాగా కదిలితే లోపల పనిముట్టు రవ్వంత కదులుతుంది. మీట వదిలేస్తే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అంతేగానీ రోబో తనంతట తాను కోసేయదు. 12 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. రోబోతో చేసినా, చేత్తో చేసినా చూపు బాగుపడింది. రోబోతోనే ఎక్కువసేపు పట్టింది.

మరి మన దగ్గర శుక్లానికి చెప్పే "రోబో"? చాలాచోట్ల అది ఫెమ్టోసెకండ్ లేజర్ మిషను. కంప్యూటరు కంటిని కొలుస్తుంది, లేజరు గాటు పెడుతుంది, లెన్సు పైపొరను గుండ్రంగా కత్తిరించి శుక్లాన్ని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్ని పీల్చి తీసేదీ, కొత్త లెన్సు పెట్టేదీ డాక్టరు చెయ్యే! ఫ్రాన్సులో పెద్ద ఆసుపత్రుల్లో ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూసి, లేజరుతో అదనపు లాభం కనబడలేదని 2020లో తేల్చారు. కొన్ని కళ్లకు పనికి రావచ్చు. "మా కంటికే ఇది ఎందుకు అవసరం?" అని డాక్టరుగారిని అడగండి, మొహమాటపడకండి. లెన్సు ఖరీదు వేరు, లేజరు ఖరీదు వేరు. రెండూ విడివిడిగా రాయించుకోండి.

డబ్బు లేదని చూపు పోగొట్టుకునే పని కూడా లేదు. మన పక్కనే బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. సినిమా ప్రసాద్‌గారి విరాళంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించారు. ఇచ్చుకోలేనివారికి అక్కడ ఉచితంగానే చేస్తారు. మెహదీపట్నం వైపు సరోజినీదేవి ప్రభుత్వాసుపత్రి ఎలాగూ ఉంది.

శుక్లం బాగా ముదిరాకే తీయించాలన్నది పాతకాలం మాట. ముదిరితే గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. షుగరు ఉంటే ముందే చెప్పండి. ఆపరేషన్ తర్వాత కన్ను నలపనివ్వకండి, డాక్టరు సరేననేదాకా తలంటు వద్దు. చుక్కలు వేసేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసా మూతి రెప్పకు తగలనివ్వకండి. ఏ చుక్కలు ఎన్నిసార్లో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తే, మీరు ఇంట్లో లేకపోయినా పిల్లలు వేస్తారు.