శ్రావణంలోనూ అన్నే నీళ్లు పోశాను

వేములవాడలో మా ఇంటి వెనక గదిలో థర్మాకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యానుతో కంజు గుడ్లు పొదిగిస్తున్నాను. మే నెలలో మొదటిసారి పెట్టిన 50లో 38 పిల్లలు లేచాయి. ఆ ధైర్యంతో శ్రావణంలో మళ్లీ 50 పెట్టాను. అదే ట్రే, అన్నే నీళ్లు. పదకొండే లేచాయి. మిగిలినవాటిలో ఒకటి పగలగొట్టి చూశాను. పిల్ల పూర్తిగా తయారైంది, బొచ్చు కూడా వచ్చింది. కానీ ఒళ్లు ఉబ్బి, జిగటనీళ్లలో మునిగి ఉంది.

"నీళ్లు మంచిగనే పోస్తివి గద, మరెందుకు సచ్చినయ్ బిడ్డా?" అంది అమ్మ.

ఆ నీళ్లే ఎక్కువయ్యాయి. పెంకుకుండే సన్నటి రంధ్రాల్లోంచి గుడ్డులోని తేమ రోజూ కొంత ఆవిరైపోతుంది. ఆ మేరకు లావు కొసన గాలిగది పెరుగుతుంది. పిల్ల తొలి ఊపిరి అక్కడే. పెట్టెలో తేమ మితిమీరితే ఆ గది చిన్నదిగానే ఉండిపోతుంది. తేమ చాలకపోతే లోపలి పొర ఎండి పిల్లను పట్టేస్తుంది. మే నెల వడగాలికి ట్రే నిండా పోసిన నీళ్లు సరిపోయాయి. శ్రావణం ముసురులో గది గాలే తడిగా ఉంది.

మనం పెంచేది జపాన్ కంజు. 1974లో బరేలీ దగ్గరి ఇజ్జత్‌నగర్‌కు తెచ్చారు. పెంపకంలో పడి అది పొదిగే గుణం దాదాపు మరిచిపోయింది, అందుకే పెట్టె తప్పదు. ఫ్యాను ఉన్న పెట్టెలో వేడి 37.5 డిగ్రీలు. తేమ మొదటి 14 రోజులు 45 నుంచి 55 శాతం, తర్వాత గుడ్లు తిప్పడం ఆపి 65 నుంచి 75.

తేమ మీటరును మాత్రం గుడ్డిగా నమ్మకండి. సీసామూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు కలిపి, మీటరుతోపాటు గాలి దూరని డబ్బాలో రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపాలి. నాది 67 చూపింది! అంటే 50 అనుకున్నది నిజానికి 58.

ఇప్పుడు గుడ్లను తూకమూ వేస్తున్నాను. పెంకు మీది మచ్చల వల్ల దీపానికి పెట్టి చూసినా గాలిగది సరిగ్గా కనపడదు. యాభై గుడ్లు 550 గ్రాములుంటే 14 రోజులకు 60, 70 గ్రాములు తగ్గాలి. తక్కువ తగ్గుతుంటే వెడల్పు ట్రే తీసి చిన్న గిన్నె పెడతాను. ఆవిరి లేచేది నీటి పైభాగం నుంచే, లోతుతో పని లేదు.

పదిహేడో రోజు పెంకులు చిట్లుతుంటే అమ్మ మూత తీయబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. మూత తీస్తే తేమంతా పోయి, సగం బయటికొచ్చిన పిల్ల మీద పొర బిగుసుకుంటుంది. లోపలి సొన బలంతో అవి ఒక రోజు ఆకలికి ఆగగలవు. ఆరిపోయాకే బయటికి తీశాం. ఒక్కోటి ఏడెనిమిది గ్రాములే. నీళ్లపళ్లెంలో పడినా మునిగిపోతాయని, అమ్మ మూలవాగు గులకరాళ్లు కడిగి అందులో పరిచింది.