దూరం ఎక్కువ, టైము తక్కువ – అదెలా?

దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని లెక్కల్లో చదువుకున్నాం. మరి ఇది చూడండి. ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా విమానం 2015 డిసెంబరులో మొదలైంది. మొదట్లో అది పడమరగా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోయేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుగా, పసిఫిక్ మీదుగా నడిపారు. ఈ దారి సుమారు 15,300. అంటే 1,400 కిలోమీటర్లు చుట్టు. అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది. పాత దారి కన్నా దాదాపు రెండు గంటలు ముందే!

ఈ సంగతి చెబితే మా గదిలో సగం మంది నమ్మలేదు. నమ్మినవాళ్లు చెప్పిన కారణం ఇంకా తమాషా. "భూమి తిరుగుతోంది కదా, విమానం పైకి లేచి ఊరుకుంటే ఊరే కిందికొస్తుంది" అన్నారు. భూమి తిరిగేది పడమర నుంచి తూర్పుకి. వాళ్ల మాటే నిజమైతే పడమరకి పోయే విమానం ముందు చేరాలి. ఇక్కడ జరిగింది దానికి తిరుగు. అసలు భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతుంది. పోతున్న బస్సులో ఎగిరి చూడండి, ఎగిరిన చోటే పడతారు, వెనక సీట్లో కాదు. (కండక్టరు తిడితే నాకు తెలీదు.)

అసలు కారణం గాలి. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి గాలి ఏరులా పారుతుంది. దీన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. భూమధ్యరేఖ వైపు వేడి, ధ్రువాల వైపు చలి. ఈ తేడా వల్ల గాలి ధ్రువాల వైపు కదులుతుంది, భూమి తిరగడం దాన్ని తూర్పుకి మళ్లిస్తుంది. చలికాలంలో దీని జోరు ఎక్కువ. గోదావరిలో లాంచీ భద్రాచలం నుంచి దిగువకి పోతే ఒక టైము, ఎదురెక్కితే ఇంకో టైము. ఇంజను అదే, నీరే వేరు. విమానానికీ అంతే. 15,300ని 14.5తో భాగించండి, గంటకి 1,055 వస్తుంది. ఇంత పెద్ద విమానం సొంత వేగం సుమారు 900. మిగతాది గాలి మోసిందే. టైము తగ్గితే ఆయిలూ మిగులుతుంది.

తిరిగి రావడం అట్లాంటిక్ మీదుగా, అదీ తూర్పుకే. అంటే పోనూ రానూ కలిపి భూమిని ఒక చుట్టు చుట్టేసింది!

మరి అన్నిటికన్నా దగ్గర దారి ఏది? గ్లోబు మీద ఈ రెండు ఊళ్లకీ దారం లాగి పట్టుకుంటే అది తూర్పుకీ పడమరకీ కాదు, పైకి, ఆర్కిటిక్ మంచు మీదుగా పోతుంది. సుమారు 12,400 కిలోమీటర్లే. కాని మొదట్లోనే హిమాలయాలు, టిబెట్ పీఠభూమి అడ్డం. విమానం లోపల గాలి పీడనం పడిపోతే వెంటనే 3 కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. టిబెట్‌లో నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుంటే ఎక్కడికి దిగుతుంది? అందుకే విమానాలు వీలైనంత వరకు దాన్ని తప్పించుకుని పోతాయి.

ఇంకో చిక్కు గడియారంది. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో టైము మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. ఢిల్లీలో తెల్లవారుజామున 4కి ఎక్కి, పద్నాలుగున్నర గంటలు ఎగిరితే, అక్కడ దిగేసరికి అదే రోజు తెల్లవారి 5 గంటలు! గోడ గడియారాలు చూస్తే గంట ప్రయాణమే. కూర్చున్నవాడి నడుముకే తెలుస్తుంది.

గ్లోబు ఆఫీసు రూములో బీరువా మీద ఉంది. సారుని అడిగి దారం పెట్టి చూడండి.

– 9వ తరగతి, బి సెక్షన్