హమాలీ రేటు పెరిగితే ఆ భారం ఎవరి మీద పడుతుంది?

నకరికల్లు రైతు మిర్చి గుంటూరు యార్డుకు చేరితే, లారీ దిగిన దగ్గర్నుంచి కాటా అయ్యేదాకా హమాలీ చెయ్యి పడాల్సిందే. ఒక్కో టిక్కీ, అంటే మిర్చి బస్తా, 40 కిలోలకు అటూఇటూగా ఉంటుంది. ఇనుప కొక్కెంతో లాగి వీపు మీదకెత్తుకుంటారు. ఘాటుకు కళ్లు మండుతున్నా, తుమ్ములు ఆగకపోయినా బస్తా దించేది లేదు.

ఆ కూలి రేటును యూనియన్ మాట్లాడుతుంది. ఎందుకంటే ఒక్కడే వెళ్లి అడిగితే, ‘చేస్తే చెయ్, లేకపోతే ఇంకొకడున్నాడు’ అంటారు. వ్యాపారి రేపటిదాకా ఆగగలడు. కూలీ ఇంట్లో ఈ పూటే పొయ్యి వెలగాలి. ఎవరు ఆగగలరో రేటు వాళ్లవైపు మొగ్గుతుంది. అందరూ కలిసి ఆగితే ఆ బలం కూలీలకూ వస్తుంది. రిజిస్టరైన యూనియన్ పని ఆపితే దాన్ని నేరపూరిత కుట్రగా చూడకుండా 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం రక్షణ ఇచ్చింది.

మరి హమాలీ కూలి పెరిగితే కారం ధర పెరగదా? లెక్క వేద్దాం. 40 కిలోల బస్తాకు రేటు 5 రూపాయలు పెరిగిందనుకుంటే కిలోకు పడేది పన్నెండున్నర పైసలు. కొనేవాళ్లకు అది తెలియనైనా తెలియదు. రైతుకు మాత్రం అమ్మకం లెక్క రాసిచ్చే తక్‌పట్టీలో హమాలీ పద్దు కళ్లెదుటే కోతగా కనబడుతుంది. సరుకు తక్కువగా వచ్చిన రోజుల్లో కొనుగోలుదారు ధర పెంచి ఆ భారం కొంత మోస్తాడు. యార్డు నిండిపోయిన రోజుల్లో, అప్పు తీర్చే తొందరలో ఉన్న రైతు మీదే అది పడుతుంది.

సీజన్ మధ్యలో సమ్మె వస్తే ఇంకా కష్టం. ఆ నాలుగు రోజుల్లో ధర పడిపోతే రైతు పోగొట్టుకునేది పెరిగిన కూలికి ఎన్నో రెట్లు. సభ్యులు కానివాళ్లను బస్తా ముట్టనివ్వని చోట, పనికోసం వచ్చిన కొత్త కుర్రాడికీ అన్యాయమే. ఈ రెండూ యూనియన్లు దిద్దుకోవాల్సిన సంగతులే.

చేలో మిరప కోతలకు వచ్చే ఆడవాళ్లకు అలాంటి యూనియన్ లేదు, కలిసి పనికెళ్లే ముఠా ఉంది. పండిన కాయ చెట్టున ఆగితే రంగు దిగుతుంది కాబట్టి, కోతలు ముదిరినప్పుడు ముఠా అడిగిన కూలే ఖాయమవుతుంది. కర్నూలు వైపు నుంచి వలస కూలీలు దిగిన వారం ఆ పట్టు సడలుతుంది. వచ్చినవాళ్లదీ ఆకలే కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కోతలు మొదలవకముందే స్థానికులు, వలస వచ్చేవాళ్లు, రైతులు కూర్చుని ఒకే కూలి ఖాయం చేసుకుని, ఆటో ఖర్చు ఎవరిదో తేల్చుకుంటే, సీజన్ మధ్యలో పేచీ రాదు, కాయా చెట్టున ఆగదు.