మీ వీధి పార్కు జాగా ఎక్కడుంది? దానికి డబ్బు ఎవరిస్తారు?

నెల్లూరులో సాయంత్రం పూట కాస్త గాలికి కూర్చోవాలంటే చాలా కుటుంబాలకు ముందుగా గుర్తొచ్చేది బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు గట్టు. సెలవు రోజైతే మైపాడు బీచ్. రెండూ మంచి చోట్లే. కానీ రోజూ స్కూలు నుంచి వచ్చిన పిల్లల్ని అంత దూరం తీసుకెళ్లలేం కదా. మోకాళ్ల నొప్పులున్న నానమ్మకు, డాక్టరు నడవమని చెప్పిన షుగర్ పేషెంటుకు, చీకటి పడకముందే ఇంటికి చేరాలనుకునే ఆడవాళ్లకు కావలసింది ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే చిన్న పార్కు.

అది ఎందుకు లేదని అడిగితే ‘నిధులు లేవు’ అనే జవాబు వస్తుంది. నిజానికి నిధులకు చాలా దారులున్నాయి. ముందు ఉండాల్సింది జాగా. అది ఒకసారి చేజారితే తర్వాత ఎంత డబ్బు వచ్చినా లాభం లేదు.

లేఅవుట్‌లోనే పార్కు

ఆంధ్రప్రదేశ్ లేఅవుట్ నిబంధనల ప్రకారం ప్లాట్లు వేసేవాళ్లు మొత్తం భూమిలో కనీసం 10 శాతం పార్కుకో, ఆటస్థలానికో వదలాలి. ఆ జాగాను గిఫ్ట్ డీడ్ రాసి కార్పొరేషన్‌కో పంచాయతీకో అప్పగించాలి. నెల్లూరు చుట్టుపక్కల లేఅవుట్లను 2017లో ఏర్పడిన నెల్లూరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ, అంటే నుడా చూస్తుంది.

ఆ 10 శాతం భూమిని రియల్టరు ఊరికే ఇవ్వడు. దాని ధర కూడా ప్లాట్ల ధరలోనే కలిసి ఉంటుంది. అంటే ఆ పార్కు జాగాకు డబ్బు కట్టింది ప్లాటు కొన్న కుటుంబాలే.

అనుమతి లేని లేఅవుట్‌లో చవగ్గా వస్తోందని కొన్నవాళ్లకు ఇంకో దెబ్బ ఉంది. 2020లో వచ్చిన ఎల్‌ఆర్‌ఎస్ పథకంలో, ఖాళీ జాగా వదలని లేఅవుట్లలో ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీగా పెట్టారు. పార్కు లేకపోయినా పార్కు కోసం డబ్బు కట్టాల్సి వచ్చిందన్నమాట.

ఆ జాగాలో ఇంకేదైనా కట్టొచ్చా?

కట్టకూడదు. బెంగళూరులో పార్కుకని వదిలిన స్థలాన్ని నర్సింగ్ హోమ్ కోసం ఒక ప్రైవేటు ట్రస్టుకు ఇస్తే, అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. పార్కు పోతే నష్టపోయేది చుట్టుపక్కల ఉండేవాళ్లే కాబట్టి అడిగే హక్కు వాళ్లకుందని తేల్చింది.

ఆస్పత్రి మంచి పనే, అయినా ఆ జాగాలో వద్దంది కోర్టు. ఈ మాట అందరికీ వర్తిస్తుంది. పార్కులు, రోడ్లలాంటి బహిరంగ స్థలాల్లో గుడి, మసీదు, చర్చి, గురుద్వారా పేరుతో అనుమతి లేని కట్టడాలు రాకూడదని సుప్రీంకోర్టు 2009లో ఆదేశించింది. షాదీఖానా కావాలంటే దానికి వేరే జాగా అడగాలి. పిల్లలు ఆడుకునే చోటును తీసుకుంటే పోయేది మన పిల్లల ఆటే.

డబ్బు వచ్చే దారులు

పార్కులు, తోటలు, ఆటస్థలాలు పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ పనులని 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్ చెబుతోంది. కార్పొరేషన్‌కు మొదటి ఆదాయం మనం కట్టే ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను.

రెండో దారి కేంద్ర పథకాలు. 2015లో మొదలైన అమృత్‌ పథకంలో నెల్లూరు ఉండేది. అందులో ప్రాజెక్టు ఖర్చులో 2.5 శాతం వరకు పార్కులకు వాడుకునే వీలుండేది. 10 లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు కేంద్రం సగం ఇచ్చేది.

మూడోది ఎంపీ నిధులు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫారసు చేసే వీలుంది. నాలుగోది కంపెనీల సీఎస్‌ఆర్. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. పోర్టు, కరెంటు ప్లాంట్లు ఉన్న కృష్ణపట్నం తీరంలోని గ్రామాలు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

బీచ్ లెక్క వేరు

మైపాడు, కోడూరు లాంటి చోట్ల సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు సీఆర్‌జెడ్ నిబంధనలుంటాయి. ఇష్టమొచ్చినట్టు కాంక్రీటు కట్టడాలు వేయడం కుదరదు. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదుల్లాంటి తాత్కాలిక సౌకర్యాలకు మాత్రం 2019 నోటిఫికేషన్ షరతులతో దారి వదిలింది. ఆడవాళ్లు, పిల్లలతో వెళ్లే కుటుంబాలకు అసలు కావలసినవి కూడా అవే.

కట్టాక చూసేదెవరు?

రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. ఆ రోజుల్లో చెరువు దగ్గర లైట్లు, నీళ్లు, మరుగుదొడ్లు, ఊడ్చేవాళ్లు అన్నీ ఉంటాయి. పార్కుకు ఇవన్నీ ఏడాది పొడవునా కావాలి. ఊయలలు, జిమ్ పరికరాలు ఒకసారి పెట్టే ఖర్చు. కాపలా మనిషి జీతం, కరెంటు బిల్లు, మొక్కలకు నీళ్లు ప్రతి నెలా ఉండే ఖర్చు. చాలా పథకాలు మొదటిదానికే డబ్బిస్తాయి. రెండోదానికి బడ్జెట్‌లో పద్దు లేకపోతే కొన్నాళ్లకే గేటుకు తాళం పడుతుంది, లోపల కంప పెరుగుతుంది.

మీరు చేయగలిగింది

ముందు మీ లేఅవుట్ ఎల్‌పీ నంబరు, ప్లాను కాపీ సంపాదించండి. పార్కు జాగా ఎంత, గిఫ్ట్ డీడ్ అయిందా అని సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్‌నో పంచాయతీనో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. తర్వాత కంచె, బోర్డు కోసం వార్డు సచివాలయంలో అర్జీ పెట్టండి. కొత్త బడ్జెట్ ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి అంతకు కొన్ని నెలల ముందే అడగాలి. పది ఇళ్ల సంతకాలు, అందులో ఆడవాళ్లవి కూడా ఉంటే అర్జీకి బలం ఎక్కువ.

అన్నిటికంటే ముందు చేయాల్సింది కంచె. దానికి పెద్ద ఖర్చు కాదు. ఆక్రమణ జరిగాక కోర్టుల చుట్టూ తిరగడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.