‘సర్వర్ డౌన్’ సరే, మీ రికార్డు భద్రమేనా? ప్రభుత్వ డేటాబేస్‌ల వెనుక ఏం జరుగుతుందంటే..

మీసేవ కేంద్రంలో అరగంట లైన్‌లో నిలబడ్డాక ‘సర్వర్ డౌన్ అండీ, రేపు రండి’ అన్న మాట మీరూ వినే ఉంటారు. చాలాసార్లు పని ఒక రోజు ఆలస్యమవుతుంది, అంతే. కానీ ఆ సర్వర్‌లో ఉన్న మీ రికార్డే పోతే? ఇంటి పన్ను చెల్లింపు, జనన ధ్రువీకరణ, భూమి వివరాలు.. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే. అందుకే వాటిని ఎలా కాపాడతారో తెలుసుకోవడం మనకూ అవసరమే.

రికార్డులు ఎక్కడ ఉంటాయి?

పాత రోజుల్లో రిజిస్టర్లు ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలో డేటాబేస్ వచ్చింది. ఎక్కువగా వాడేది ‘రిలేషనల్’ రకం. ఇందులో సమాచారం పట్టికలుగా ఉంటుంది. ఇంటి యజమానుల వివరాలు ఒక పట్టికలో, పన్ను చెల్లింపులు మరో పట్టికలో ఉంటాయి. ఈ రెంటినీ కలిపేది మీ అసెస్‌మెంట్ నంబరు. అందుకే ఆ నంబరు కొట్టగానే పేరు, బకాయి, పాత రసీదులు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి.

ఈ డేటాబేస్‌లకు ఒక గట్టి నియమం ఉంది. ఒక లావాదేవీలోని పనులన్నీ పూర్తి కావాలి, లేదా ఏదీ జరగనట్టే ఉండాలి. సగంలో కరెంటు పోయినా లెక్క సగంలో ఆగిపోదు.

మరి డబ్బు కట్ అయినా రసీదు రాని సందర్భాల సంగతేంటి? మీ బ్యాంకు డేటాబేస్ వేరు, మున్సిపాలిటీది వేరు. ఒకదానిలో నమోదైన చెల్లింపు సమాచారం రెండోదానికి చేరక ముందే లింకు తెగితే ఇలా జరుగుతుంది. తర్వాత రెండు వైపుల లెక్కలూ సరిపోల్చి సరిచేస్తారు. అందుకే వెంటనే రెండోసారి కట్టకండి.

ఓపెన్ సోర్స్ అంటే ఉచితమేనా?

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ.. ఇవి బాగా వాడుకలో ఉన్న ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లు. వీటి కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, లైసెన్స్ ఫీజు కట్టకుండా వాడుకోవచ్చు. ప్రభుత్వ ప్రాజెక్టుల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లో విధానం తెచ్చింది.

అయితే ఫీజు లేదంటే ఖర్చే లేదని కాదు. చూసుకునే మనుషులు కావాలి. బ్యాకప్‌లు, అప్‌డేట్‌లు, భద్రత అన్నీ వాడేవాళ్ల బాధ్యతే. ఆ బాధ్యత తప్పితే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చూడండి.

ఐదు ఏర్పాట్లున్నా..

సాఫ్ట్‌వేర్ నిపుణులు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వాడుతుంది. 2017 జనవరి 31న అక్కడి ఇంజినీరు ఒకరు, మొరాయిస్తున్న రెండో సర్వర్‌లోని డేటాను తుడిచేయబోయి పొరపాటున అసలు సర్వర్‌లో తుడిచేశారు. క్షణాల్లో తప్పు గ్రహించి ఆపేశారు. అప్పటికే సుమారు 300 జీబీ డేటా పోయింది.

బ్యాకప్ కోసం వెతికితే ఒక్కొక్కటే బయటపడింది. రోజూ జరగాల్సిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిల్స్ ఎవరికీ చేరడం లేదు. చివరకు మరో పని కోసం ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి ఆదుకుంది. అయినా ఆ ఆరు గంటల్లో నమోదైన సుమారు 5,000 ప్రాజెక్టులు, 700 కొత్త ఖాతాల సమాచారం తిరిగి రాలేదు. సంస్థ ఈ వివరాలన్నీ తానే బయటపెట్టింది.

రెండోది ప్రభుత్వానికి సంబంధించినదే. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజియాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో మంటలు చెలరేగాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే క్లౌడ్‌కు బయట ఎక్కడా బ్యాకప్ లేకపోవడంతో 858 టెరాబైట్ల సమాచారం కాలిపోయింది.

మంచి నిర్వహణ అంటే..

* నకలు సర్వర్ బ్యాకప్ కాదు. అసలు సర్వర్‌లో పొరపాటున ఒక వరుస చెరిపితే, క్షణాల్లో నకలులోనూ చెరిగిపోతుంది. విడిగా బ్యాకప్ ఉండాల్సిందే.
* ఒక బ్యాకప్ అయినా వేరే ఊళ్లో ఉండాలి. నిప్పుకైనా వరదకైనా ఇదే జవాబు.
* తిరిగి ఎక్కించి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మలేం.
* ప్రతి మార్పునూ లాగ్‌గా దాచాలి. అప్పుడు ‘మధ్యాహ్నం 3.40కి ఎలా ఉందో అలా’ డేటాను వెనక్కి తేవచ్చు.
* అనుమతులు పరిమితంగా ఉండాలి. రసీదు ఇచ్చే ఉద్యోగికి రికార్డు చెరిపే అధికారం అక్కర్లేదు.
* వెర్షన్ గడువు చూసుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రతి పెద్ద వెర్షన్‌కూ ఐదేళ్లపాటే భద్రతా సవరణలు వస్తాయి. 13వ వెర్షన్ గడువు 2025 నవంబర్‌తో ముగిసింది. మైఎస్‌క్యూఎల్ 8.0కు 2026 ఏప్రిల్ వరకే గడువు. పాతదే నడిపిస్తే కొత్తగా బయటపడే లోపాలకు మందు ఉండదు.

చట్టం ఏమంటోంది?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత పాటించకపోతే రూ.250 కోట్ల వరకు జరిమానా పడొచ్చు. 2025 నవంబర్‌లో వచ్చిన నిబంధనలు బ్యాకప్‌ల గురించీ చెబుతున్నాయి. లాగ్‌లను కనీసం ఏడాది దాచాలంటున్నాయి. భద్రతకు సంబంధించిన ఈ నిబంధనల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు.

మీరేం చేయాలి?

రసీదు పీడీఎఫ్‌ను ఫోన్‌లోనే కాకుండా మరోచోటా దాచుకోండి. దరఖాస్తు నంబరు, చెల్లింపు రిఫరెన్స్ నంబరు రాసి పెట్టుకోండి. రికార్డు మళ్లీ వెతకాల్సి వస్తే వాటితోనే పని. ఏడాదికోసారైనా పోర్టల్‌లో మీ ఆస్తి, భూమి వివరాలు సరిచూసుకోండి. తప్పు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. తప్పును ఎంత త్వరగా గుర్తిస్తే, పాత బ్యాకప్‌లో సరైన వివరం దొరికే అవకాశం అంత ఎక్కువ.

మీ కార్యాలయంలో బ్యాకప్‌ను చివరిసారి ఎప్పుడు తిరిగి ఎక్కించి చూశారన్నది సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. జవాబులో తేదీ ఉందో లేదో చూడండి.