తల్లిదండ్రుల మాట – పాఠశాల బాగు

బిడ్డ బడికి పోవు దారి తల్లికి తెలియును; బడిలో ఆ బిడ్డ కూర్చుండు చోటు ఉపాధ్యాయునకు తెలియును. ఉదయము ఏమి తిని బయలుదేరినదో, సాయంకాలము ఏ ముఖముతో ఇల్లు చేరినదో, ఏ పాఠము పేరు చెప్పగనే పుస్తకము మూసివేసినదో ఇంటివారు ఎరుగుదురు. ఏ ప్రశ్నకు చేయి ఎత్తినదో, ఏ లెక్క దగ్గర ఆగిపోయినదో పంతులుగారు ఎరుగుదురు. ఒకే బిడ్డను గూర్చిన ఈ రెండు తెలివిడులును ఒకచోట చేరనంతకాలము పాఠశాల సగము చీకటిలోనే పని చేయుచుండును. తల్లిదండ్రుల అభిప్రాయములను తెలిసికొని, వాని సాయమున పాఠశాలను చక్కదిద్దుకొనుట ఎట్లు అనునదే నేటి మన విషయము.

ఈ ఆలోచనకు మన దేశములో చట్టబలము కూడ కలదు. ఆంధ్రప్రదేశములో 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యమును గూర్చి ఒక చట్టము వచ్చి, బడి కమిటీలకు రూపము నిచ్చినది. తరువాత 2009లో పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, ప్రభుత్వ పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను యాజమాన్య కమిటీ యుండవలెనని నిర్దేశించినది. ఆ కమిటీ సభ్యులలో నాలుగింట మూడువంతులకు తక్కువ గాకుండ తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండవలెను. సభ్యులలో నూటికి 50 మంది స్త్రీలు కావలెను. వెనుకబడిన, బలహీన వర్గముల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి చోటు దొరకవలెను. పాఠశాల నడకను కనిపెట్టి చూచుట, వచ్చిన నిధుల వినియోగమును పరిశీలించుట, పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారు చేయుట ఈ కమిటీ పనులు. ఉపాధ్యాయులు తల్లిదండ్రులను క్రమముగా సమావేశపరచి, పిల్లల హాజరును, చదువులోని ప్రగతిని వారికి తెలుపవలెననుట కూడ ఆ చట్టములోని విధియే.

తెలుగు రాష్ట్రములు రెండింటను ఈ దిశగా ప్రయత్నములు జరిగినవి. ఆంధ్రప్రదేశములో 2019లో ప్రారంభమైన ‘మన బడి నాడు–నేడు’ కార్యక్రమమున భవనముల మరమ్మతులు, మరుగుదొడ్లు, త్రాగునీరు మున్నగు పనుల నిర్వహణను తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించిరి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతట ఒకేనాడు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిగినవి. తెలంగాణములో 2024లో మహిళాసంఘముల భాగస్వామ్యముతో ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీలు ఏర్పడినవి. ప్రభుత్వ సహాయము లేని ప్రైవేటు పాఠశాలలకు యాజమాన్య కమిటీ నిబంధన వర్తింపదు. అయినను, రుసుము చెల్లించువాని మాట వినకుండ బడి నడపవచ్చునని దాని అర్థము కాదు.

చట్టము తల్లిదండ్రులకు పీట వేసినది. పీట వేసినంత మాత్రమున మాట పుట్టునా? ఈ ప్రశ్నకు ఉత్తరప్రదేశములోని జౌన్పూరు జిల్లాలో జరిగిన ఒక పరిశోధన మంచి సమాధానము చెప్పినది. 2019లో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలు తమ సహచరులతో కలిసి, ‘ప్రథమ్’ సంస్థ సహకారమున, 280 గ్రామములలో ఈ పని చేసిరి. గ్రామ విద్యాకమిటీ యొకటి యున్నదను సంగతియే పెక్కు కుటుంబములకు తెలియదు. అంతకంటె వింత యేమనగా, కమిటీ సభ్యులలో సుమారు నాల్గవ వంతు మందికి తాము సభ్యులమను సంగతియే తెలియదు. కొన్ని గ్రామములలో సభలు జరిపి కమిటీల అధికారములను వివరించిరి. మరికొన్నింట, పిల్లలకు చదువ వచ్చునో లేదో ఊరివారే పరీక్షించి చూచు పద్ధతిని కూడ నేర్పిరి. ఈ రెండింటివలనను ప్రభుత్వ పాఠశాలలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. మూడవ విధపు గ్రామములలో స్థానిక యువకులకు శిక్షణ నిచ్చి, పిల్లలకు చదువుట నేర్పు శిబిరములు నడిపించిరి. ఆ శిబిరములకు పోయిన పిల్లల చదువు మెరుగుపడినది. 2010లో ప్రకటితమైన ఈ ఫలితములనుండి మనము గ్రహింపవలసిన దేమి? సభ పెట్టుట వేరు, మాటను పనిగా మలచుట వేరు. తల్లిదండ్రులు చెప్పినదానికి ఒక దారి, ఒక గడువు, బాధ్యత వహించు ఒక మనిషి ఏర్పడనిచో, సభ ముగియుటతోనే ఆ మాటయు ముగియును.

అసలు తల్లిదండ్రులు మనసు విప్పి మాట్లాడకపోవుటకు కారణము లున్నవి. అన్నిటికంటె పెద్దది భయము. “నేనేమైన అన్నచో ఆ కోపము నా బిడ్డమీద చూపుదురేమో” అను సందేహము చదువుకొన్న తండ్రికిని కలదు, వ్రేలిముద్ర వేయు తల్లికిని కలదు. రెండవది వేళ. పని దినమున పగలు పదకొండు గంటలకు సభ పిలిచినచో, కూలికి పోవు తల్లి రావలెనన్న ఆనాటి కూలి వదలుకొనవలెను. మూడవది అనుభవము. “పోయినసారి చెప్పితిమి, ఏమైనది?” అని అడిగినచో సమాధానము లేదు. ఈ మూడింటిని తొలగింపక కాగితములు పంచిపెట్టినచో వచ్చునవి సంతకములే గాని అభిప్రాయములు కావు.

అడుగుటలో నేర్పు కావలెను. “పాఠశాల బాగున్నదా?” అని అడిగినచో “బాగున్నదండీ” అను మర్యాదమాట వచ్చును. ఆ మాటతో ఏమియు చేయలేము. తల్లిదండ్రులు కన్నులార చూచిన దానిని గూర్చి, చెవులార విన్న దానిని గూర్చి అడుగవలెను. గత వారము మీ బిడ్డ మధ్యాహ్న భోజనము ఎన్నిదినములు కడుపునిండ తిన్నది? ఇంటివద్ద చేయవలసిన పని ఎంతసేపు పట్టుచున్నది? ఎవరి సాయము లేకుండ చేసికొనగలుగుచున్నదా? బడికి పోనని మారాము చేసిన దినమున ఏ కారణము చెప్పినది? మరుగుదొడ్డి శుభ్రముగా లేదని ఆడపిల్ల నీళ్లు త్రాగుట మానుకొనుచున్నదా? బిడ్డ సంగతి అడుగవలెనన్న మీరు ఎవరిని కలిసికొనవలెనో తెలియునా? ఇట్టి ప్రశ్నలు ఎనిమిదో పదియో చాలును. పాఠము చెప్పు పద్ధతి ఏది మేలు అని వారిని అడుగ నక్కరలేదు; అది ఉపాధ్యాయుని విద్య. ఆ పద్ధతి బిడ్డకు అందుచున్నదా లేదా అనుటకు మాత్రము ఇంటివారి సాక్ష్యము విలువైనది.

చదువురాని తల్లిదండ్రులకు కాగితము పంపుట వారిని మినహాయించుటయే. అట్టివారికొరకు ప్రశ్నను పైకి చదివి వినిపింపవచ్చును. తెర చాటున రెండు కుండలు పెట్టి, ఒకదానిమీద నవ్వు ముఖమును, రెండవదానిమీద చిన్నబోయిన ముఖమును గీసి, ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క చింతగింజ వేయుమన్నచో పేరు బయటపడదు, మాట తప్పదు. ఒక్కొక్క ప్రశ్న ముగియగనే గింజలు లెక్కించి వ్రాసికొనవలెను. సభ సాయంకాలము దీపాలవేళనో, పనులు లేని నాడో జరుపవచ్చును. అడుగువారు ఆ తరగతి ఉపాధ్యాయులు కాకుండుట మేలు. అన్నిటికి ముందు, చెప్పినవారి పేరు అడుగబోమని, ఎవరి బిడ్డకును హాని రాదని ప్రధానోపాధ్యాయుడు నలుగురిలో మాట ఈయవలెను. ఇచ్చిన మాట నిలుపుకొనవలెను.

ఇక లెక్క కట్టుటలోని చిక్కు చూతము. ఒక బడిలో 120 కుటుంబములు కలవనుకొందము. వారికి పంపిన కాగితములలో 48 తిరిగి వచ్చినవి. అందు 40 మంది సంతృప్తిగా నున్నామని వ్రాసిరి. ఆరింట అయిదువంతుల మంది మెచ్చుకొన్నారని బడివారు సంతోషింపవచ్చును. కాని మాటాడని 72 కుటుంబముల మాట యేమి? మరికొంచెము లోతుగా చూచినచో, కాలువ అవతలి పల్లెనుండి వచ్చు 30 కుటుంబములలో ముగ్గురే కాగితము పంపిరని తేలవచ్చును. వానకాలమున కాలువ దాటలేక ఆ పిల్లలే బడి మానుచుండవచ్చును. మొత్తపు సగటు ఈ బాధను దాచివేయును. కావున వచ్చిన సమాధానములను తరగతివారీగా, ఆడపిల్లలు మగపిల్లలు వారీగా, వాడవారీగా విడదీసి చూడవలెను. కాగితము రాని ఇంటికి మనిషి పోవలెను. పాఠశాలకు మిక్కిలి అవసరమైన సమాచారము తరచుగా ఆ రాని కాగితములోనే యుండును.

వచ్చిన అభిప్రాయములను మూడు కుప్పలుగా చేయుట మంచిది. మొదటిది రేపే చేయదగినవి: నీళ్లకుండకు మూత, పలకమీద అక్షరములు పెద్దవిగా వ్రాయుట, చూపు తక్కువ బిడ్డను ముందు వరుసలో కూర్చుండ బెట్టుట. రెండవది ధనము, కాలము కావలసినవి: ప్రహరీగోడ, అదనపు గది. ఇవి అభివృద్ధి ప్రణాళికలోనికి ఎక్కవలెను. కేంద్రప్రభుత్వపు 2010 నాటి నియమముల ప్రకారము ఈ ప్రణాళిక మూడు సంవత్సరములకు తయారై, ఏటికేడు ఉపప్రణాళికలుగా విడిపోవును. మూడవది బడి చేతిలో లేనివి: ఉపాధ్యాయుల ఖాళీలు, కాలువపై వంతెన. ఇవి కమిటీ తీర్మానముతో మండల విద్యాధికారికో, గ్రామ పంచాయతీకో పోవలెను.

ఇంతవరకు చేసినను పని సగమే యైనది. తక్కిన సగము జవాబు చెప్పుట. నెలలోపల బడిగోడమీద పెద్ద అక్షరములతో ఒక పట్టిక వ్రాయవలెను: మీరు చెప్పినది ఇది, మేము చేసినది ఇది, చేయలేనిది ఇది, కారణము ఇది. చదువరానివారికి సభలో చదివి వినిపింపవలెను. “చేయలేము” అను మాట, కారణముతో చెప్పినచో, ఎవరును నొచ్చుకొనరు. మౌనమే మనసు విరుచును. ఒక యేడు గడచిన పిమ్మట అవే ప్రశ్నలు మరల అడిగినచో, బాగుపడినదో లేదో తెలియును. ప్రశ్నలు మార్చినచో పోల్చి చూచుటకు వీలుండదు.

ఉపాధ్యాయుల పక్షమును కూడ మనము ఆలోచింపవలెను. అభిప్రాయసేకరణ ఎవరిపైనను నేరవిచారణ కారాదు. ఒక్క కోపపు మాటను పట్టుకొని ఒక పంతులుగారిని నలుగురిలో నిలదీసినచో, మరునాటినుండి ఉపాధ్యాయులందరు తల్లిదండ్రులను చూచి జంకుదురు. పలువురు, పలుమార్లు చెప్పినదానికే తూకము ఎక్కువ. మంచి మాటలను కూడ వ్రాసికొని ఆయా ఉపాధ్యాయులకు చేరవేయవలెను.

అయితే కొన్ని సంగతులు లెక్కలకై వేచియుండ దగినవి కావు. బిడ్డను కొట్టుట, మానసికముగా వేధించుట విద్యాహక్కు చట్టము 17వ విభాగము ప్రకారము నిషిద్ధము. చట్టము ప్రసాదించిన హక్కులకు భంగము కలిగినచో, 32వ విభాగము క్రింద స్థానిక అధికార సంస్థకు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవచ్చును. మూడు నెలలలో దానిని తీర్మానింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఇక బిడ్డపై లైంగికమైన దురాగతము జరిగినదని తెలిసినచో, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము వెంటనే పోలీసులకు తెలుపుట తెలిసినవారి విధి. బాలల సహాయమునకు 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును. బడి పరువు పేరుతో ఇట్టివానిని కమిటీ గదిలో అణచుట తగదు.

మాట చెప్పుటకు ముందు తల్లిదండ్రులకు తెలియవలసినదియు కలదు. పాకిస్థానములోని పంజాబు రాష్ట్రమున 112 గ్రామములలో ఒక పరిశోధన జరిగినది. సగము గ్రామములలో తల్లిదండ్రులకు తమ బిడ్డ మార్కులతోపాటు ఊరిలోని బడులన్నిటి మార్కుల పట్టికయు ఇచ్చిరి. ఆ గ్రామములలో పిల్లల చదువు మెరుగైనది. ప్రైవేటు బడుల రుసుములును తగ్గినవి. బిడ్డకు ఏమి వచ్చునో, ఏమి రావలెనో తెలిసిన తండ్రి అడుగు ప్రశ్న వేరు. తెలియని తండ్రి గోడల రంగునే చూచును.

కావున శ్రోతలైన తల్లిదండ్రులకు మా మనవి ఇది. తదుపరి సభకు పోవునప్పుడు ఒక మెప్పును, ఒక లోపమును, మీరు చేయగల ఒక సాయమును వెంట తీసికొని పొండు. పోలేని పొరుగింటివారి మాటను కూడ అడిగి తీసికొని పొండు. సభలో వెనుక వరుసన, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని కూర్చున్న తల్లిని “నీవేమందువమ్మా?” అని అడుగుడు. ఆమె చెప్పు నాలుగు మాటలు మినిట్సు పుస్తకములోనికి ఎక్కిననాడు, ఆమె బిడ్డ ఇబ్బందికి ఆ బడిలో ఒక వాయిదా దొరకును.